ఎండాకాలం సెలవులు, మామిడిపండు కేకు, మా పెద్దదాని చదువు

టీచర్లకి ఎండాకాలం సెలవులంటే బయటివాళ్లకి ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఫ్యాన్ కింద కూర్చోడమే అనిపిస్తుంది. పదో తరగతికి చెప్పేవాళ్లకి అట్టా కుదరదు. ఏప్రిల్ మొదట్లో స్పాట్ వాల్యుయేషన్, అంటే పరీక్ష పేపర్లు దిద్దడం, రిజల్ట్స్ రాగానే తప్పిన పిల్లల ఇళ్లకి ఫోన్లు చేసి సప్లిమెంటరీ ఫీజు కట్టించడం, మే నెలలో ఆ పరీక్షల డ్యూటీ, మధ్యలో కొత్త అడ్మిషన్ల కోసం ఊళ్లో ఇంటింటికీ తిరగడం, ఇవన్నీ ఉంటాయి. నేను కావలి నుంచి రోజూ బస్సులో వెళ్లొచ్చే ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. అయినా ఈ ఏడాది సెలవులు మాత్రం నాకు ఎంత బాగా గడిచాయో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను, ఎందుకంటే మా పెద్దది కూడా ఈ ఏడాదే పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉంది, ఇద్దరం కలిసి పొద్దున్నే వంటింట్లోకి దూరితే ఎండ ఎక్కేదాకా బయటికి రాలేదు, ఆ వంటింట్లోనే దాని చదువు సంగతి కూడా తేలిపోయింది.

మా ఇంట్లో ఓటీజీ, అంటే కరెంటు ఓవెన్ ఉంది, చిన్నదే. కొన్నది కేకుల కోసమని పేరే గానీ మామూలు రోజుల్లో నాకు తీరికేది, ఉదయం ఏడున్నరకల్లా బస్సు ఎక్కాలి. సెలవులొచ్చాక పాపే దాన్ని తుడిచి బయటపెట్టింది. మే నెలలో నెల్లూరు జిల్లా ఎండలు తెలిసినవాళ్లకి నేను కొత్తగా చెప్పేది ఏముంది, రోహిణి కార్తె రాకముందే రోళ్లు పగిలేట్టు ఉంటుంది, తొమ్మిది దాటాక వంటింట్లో ఓవెన్ పెడితే మనమే ఉడికిపోతాం. అందుకని మేం తెల్లారుజామున ఐదింటికి లేచేవాళ్లం. మా అత్తమ్మ అదే టైంకి లేచి వాకిలి చిమ్ముతా, "ఏందమ్మే, పొద్దన్నే ఈ సెగలేంది, ముందు పిల్లోడికి పాలు కాచండి" అనేది, కానీ కేకు వాసన రాగానే తనే వచ్చి స్టూలు లాక్కుని కూర్చునేది.

ఎండాకాలం బేకింగ్‌కి వేరే లెక్క ఉంటుంది. పుస్తకాల్లోనూ యూట్యూబ్‌లోనూ వెన్న, పంచదార కలిపి తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టమంటారు. అట్టా గిలకొట్టేటప్పుడు వెన్నలో పంచదార పలుకులు చిన్న చిన్న గాలి బుడగలు చేస్తాయి, ఆ బుడగలే తర్వాత కేకు పొంగడానికి ఆధారం. కానీ దానికి వెన్న మెత్తగా ఉండాలి, కరగకూడదు, అంటే ఇరవై డిగ్రీలు అటూ ఇటూ. మా వంటింట్లో తెల్లవారుజామున కూడా ముప్పై ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న పంచదార తూచేలోపే నూనె అయిపోయి కూర్చుంటుంది, ఇంక బుడగలెక్కడివి. కాబట్టి మాలాంటి ఊళ్లలో ఎండాకాలం నూనె కేకులే చేసుకోవాలి, పెరుగు, వంటసోడా మీద ఆధారపడాలి. దీనికి ఎదురు బ్రెడ్డు. బ్రెడ్డుకి ఈ ఎండ వరం అనుకోండి. ఈస్ట్‌కి ముప్పై, ముప్పై ఐదు డిగ్రీలంటే భలే ఇష్టం, గంటన్నర నానబెట్టమని రాసిన పిండి మాకు ముప్పావు గంటకే గిన్నె అంచు దాటేది. చిన్నోడికి అదే పెద్ద ఆట, ఆరో తరగతికి వెళ్తున్నాడు వాడు, తడిగుడ్డ ఎత్తి ఎత్తి చూసేవాడు, "అమ్మా, ఇంకా పెరిగింది" అని ఇల్లంతా కేకలు.

వంటసోడా గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను, అది నా సబ్జెక్ట్. పదో తరగతి రెండో పాఠం ఆమ్లాలు, క్షారాలు, లవణాలు. అందులో సోడియం హైడ్రోజన్ కార్బొనేట్, అంటే ఈ వంటసోడానే వస్తుంది, దాన్ని వేడిచేస్తే సోడియం కార్బొనేట్, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ వస్తాయని సమీకరణం ఉంటుంది, బేకింగ్ పౌడర్‌లో టార్టారిక్ యాసిడ్ లాంటి బలహీనమైన ఆమ్లం ఎందుకు కలుపుతారు అని ప్రశ్న కూడా వస్తుంది. పిల్లలు బట్టీ పట్టి రాసేస్తారు. ఒట్టి సోడా వేసి కాలిస్తే సోడియం కార్బొనేట్ మిగిలి కేకు చేదుగా, సబ్బు రుచి వస్తుందనీ, ఆమ్లం ఉంటే ఆ చేదు రాకుండా గ్యాసు మాత్రం వస్తుందనీ దాని అర్థం. మా పాప కూడా పరీక్షలో అది రాసి వచ్చింది. కానీ ఈ సెలవుల్లో ఒకరోజు అది తనంతట తానే రెండు చిన్న గిన్నెల్లో పిండి కలిపి, ఒకదాంట్లో ఒట్టి సోడా, ఇంకోదాంట్లో సోడాతోపాటు నిమ్మరసం పిండిన పాలు పోసి, రెండూ కాల్చి నాకు ఒక్కో ముక్క పెట్టి "మా, ఏది దేందో చెప్పు" అని అడిగింది. నిమ్మకాయలకి మాకు కొదవ లేదు, పొదలకూరు మార్కెట్ ఉన్న జిల్లా మాది. ఆ ముక్కలు నోట్లో పెట్టుకోగానే నాకు ఎంత సంతోషం వేసిందో, ఇన్నేళ్లుగా బోర్డు మీద రాస్తున్న సమీకరణం నా కూతురు నా నాలుక మీద పెట్టింది. ఆ రోజే అనుకున్నాను, దీని బుర్ర ఎటు పోతుందో అటే పోనివ్వాలని.

డ్యూటీ అయిపోగానే ఉలవపాడు వెళ్లాం, అమ్మవాళ్లింటికి. ఉలవపాడు మామిడి గురించి హైవే మీద పోయిన ప్రతివాళ్లకీ తెలుసు, మద్రాసు రోడ్డు పక్కన బంగినపల్లి గుట్టలు పోసుకుని కూర్చుంటారు. అంతకుముందు ప్రకాశం జిల్లా, 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరుతోపాటు నెల్లూరులో కలిపారు, అమ్మకి మాత్రం ఎప్పుడూ జిల్లా అంటే ఒంగోలే. మా తమ్ముడు తోట కౌలుకి చేస్తాడు. మేం వెళ్లేసరికి ఇంట్లో ఆవకాయ పనులు, మిద్దె మీద వడియాలు, నడవాలో గడ్డి పరిచి పండేసిన కాయలు, ఆ వాసనకే కడుపు నిండిపోతుంది. ఓవెన్ అక్కడ లేదు. పాప ప్రెషర్ కుక్కర్ అడుగున ఇసుక పోసి, విజిలూ రబ్బరూ తీసేసి, లోపల గిన్నె దించడానికి చిన్న స్టాండ్ పెట్టి కేకు మొదలుపెట్టింది. అమ్మ కాసేపు చూసి "ఇదేమన్నా కొత్తా అమ్మే, మా అమ్మ దిబ్బరొట్టె ఇట్టనే కదా కాల్చేది, అడుగున సన్న మంట, మూత మీద నిప్పులు" అంది. నిజమే. మినప్పిండి మందంగా పోసి పైనా కిందా సెగ తగిలేట్టు మూతమీద బొగ్గులు వేసి కాల్చడం బేకింగ్ కాకపోతే ఇంకేంటి. పులిసిన పిండి పొంగడానికి అందులో బాక్టీరియా వదిలే కార్బన్ డయాక్సైడే కారణం, మా సోడా చేసే పని కూడా అదే. మనవాళ్లకి ఓవెన్ లేదు గానీ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, నేను ఈ మాట వచ్చే ఏడాది క్లాసులో తప్పకుండా చెప్తాను.

అమ్మ ఇంకో సంగతి కూడా గుర్తు చేసింది. నా చిన్నప్పుడు సెలవుల్లో మైదా, నెయ్యి, పంచదార ఇంటినుంచే బేకరీకి తీసుకెళ్లి ఇస్తే వాళ్లు బిస్కెట్లు కాల్చి డబ్బాకి పోసిచ్చేవాళ్లు. నాన్న సైకిల్ వెనక డబ్బా కట్టుకుని వచ్చేవాడు, ఇంకా వేడిగా ఉండేవి. ఆ డబ్బా స్కూళ్లు తెరిచేదాకా రావాలని అమ్మ అటక మీద పెట్టేది. ఆ నెయ్యి బిస్కెట్లే ఈసారి మేం ఇంట్లో చేశాం, నెయ్యి, పంచదార పొడి, మైదా, కొంచెం శనగపిండి, యాలకులు, అంతే, నీళ్లు పొయ్యకూడదు, ముద్ద కాస్త విరుగుతున్నట్టే ఉండాలి. నాన్న పోయి చాలా ఏళ్లయింది, ఆయన ఉంటే మనవరాలు కాల్చిన బిస్కెట్ టీలో ముంచుకుని తిని ఎంత మురిసిపోయేవాడో.

మామిడిపండు కేకు చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను. ఒకటిన్నర కప్పు మైదా, ఒక చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు జల్లించుకోవాలి. వేరే గిన్నెలో ఒక కప్పు మామిడి గుజ్జు, అర కప్పు పెరుగు, అర కప్పు వాసన లేని నూనె, ముప్పావు కప్పు పంచదార, యాలకుల పొడి కలిపి, పంచదార కరిగాక మైదా అందులో పొయ్యాలి. గుజ్జుకి బంగినపల్లి బాగుంటుంది, రసాలైతే పీచు ఉంటుంది, నీరు ఎక్కువ, వడకట్టుకోవాలి. పిండి పోసాక మాత్రం ఎక్కువ తిప్పకండి, తిప్పేకొద్దీ మైదాలో గ్లూటెన్ అనే జిగురు సాగి కేకు రబ్బరులాగా వస్తుంది, పొడి కనపడకుండా కలిస్తే చాలు. వెంటనే కాల్చాలి, ఆలస్యమైతే సోడా గ్యాసంతా గిన్నెలోనే పోతుంది. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర ముప్పై ఐదు, నలభై నిమిషాలు, మధ్యలో గుచ్చిన పుల్ల పొడిగా రావాలి. గుడ్డు లేదు కాబట్టి మా అత్తమ్మ శనివారం కూడా తిన్నది. రాగి పిండి వెయ్యాలనుకునేవాళ్లు సగానికి మించి వెయ్యొద్దు, రాగుల్లో గ్లూటెన్ ఉండదు, పట్టుకునేది ఏమీ లేక పొడిపొడి అయిపోతుంది. మైదాకి బదులు గోధుమపిండి వేసినా బాగానే వస్తుంది, కాస్త పెరుగు ఎక్కువ పట్టుద్ది.

ఇంక అసలు సంగతి. రిజల్ట్స్ రాకముందు నుంచే ఇంటికి ఫోన్లు, రెసిడెన్షియల్ కాలేజీల వాళ్లు, "మేడం, మీ పాపకి ఎంపీసీలో సీటు పెట్టాం, ఫీజులో కన్సెషన్" అని. నెల్లూరులో ఏ బంధువు ఇంటికి వెళ్లినా అదే మాట, ఎక్కడ వేస్తున్నారు, హాస్టలా డేస్కాలరా. పాపేమో ఫుడ్ టెక్నాలజీ చదువుతాను, బైపీసీ తీసుకుంటాను, కావలిలోనే ఇంటినుంచి వెళ్లొస్తాను అంది. ఒకావిడ అయితే ముఖం మీదే "కేకులు చేసుకోడానికి చదువు దేనికి" అని నవ్వింది, పాప ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మా ఆయన ఆర్టీసీలో పని చేస్తారు, ఆయనకి పిల్ల మీద చెప్పలేనంత ప్రేమ, భయం కూడా అంతే, "రేపు ఉద్యోగం దొరక్కపోతే మనల్నే అంటుంది కదా" అని రాత్రిళ్లు మిద్దె మీద పడుకుని అదే ఆలోచన.

నేను సరే అన్నాను. ఊరికే ప్రేమకొద్దీ అనలేదు, కనుక్కునే అన్నాను. బాపట్లలో ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఫుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీ ఉంది, అక్కడ బీటెక్ ఫుడ్ టెక్నాలజీ నాలుగేళ్లు. మన లైన్లోనే, ఒంగోలు, చీరాల దాటితే బాపట్ల, అమ్మ వాళ్లూరి మీదుగానే రైలు పోతుంది. పిల్ల నేర్చుకోబోయేది ఒక్క కేకు కాదని మా ఆయనకి కూర్చుని చెప్పాను. తిండి ఎందుకు పాడవుతుంది, ఎంత వేడికి ఏ సూక్ష్మజీవి చస్తుంది, ఎట్టా ప్యాక్ చేస్తే ఎన్నాళ్లుంటుంది, ఇది మొత్తం కెమిస్ట్రీ, బయాలజీనే. మన జిల్లాలో రొయ్యల ప్రాసెసింగ్ ఉంది, నిమ్మ ఉంది, మామిడి ఉంది, వరి ఉంది, వీటికి చదువుకున్న మనిషి అక్కర్లేదా? ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, పొద్దున్నే లేచి పాపని పిలిచి "ఏమ్మా, బాపట్లలో హాస్టల్ బాగుంటదంటనా" అని అడిగారు. అదే ఆయన ఒప్పుకోవడం.

దీనికి ఉలవపాడులో చూసింది కూడా ఒక కారణం. మేం అక్కడ ఉండగా ఒక సాయంత్రం గాలివాన వచ్చి కాయ దండిగా రాలింది. రాలిన కాయకి దెబ్బ తగులుతుంది కాబట్టి రేటు పలకదు, వ్యాపారి ఎంతకి అడిగాడో తమ్ముడు చెప్తుంటే వాడి గొంతు పూడుకుపోయింది, ఏడాదంతా మందులు కొట్టి, నీళ్లు పెట్టి, కాపలా ఉండి చివరికి ఆ రేటు. పాప ఊరుకోలేదు. పండిన కాయల్లో దెబ్బ తిన్న భాగం కోసి తీసేసి, మిగతాది గుజ్జు చేసి, కొంచెం నిమ్మ ఉప్పు వేసి బాగా ఉడికించి, మరగబెట్టి ఆరబెట్టిన సీసాల్లో వేడివేడిగా పోసి మూత బిగించింది. పులుపు ఎంతుందో చూపే పీహెచ్ పేపరు నా దగ్గరుంటే అడిగి ముంచి చూసింది, పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే బాటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి పెరగదని ఎక్కడో చదివిందట. కొంచెం ట్రేలో పలుచగా పోసి మిద్దె మీద తాండ్రకి ఆరబెట్టింది, అమ్మ దాని పక్కనే కూర్చుని కాకుల్ని తోలింది. నా మరదలు డ్వాక్రా గ్రూపులో ఉంది, ఆ అమ్మాయికి ఇది బాగా పట్టుకుంది. 2020లో కేంద్రం పీఎంఎఫ్ఎంఈ అని ఒక పథకం తెచ్చింది, బ్యాంకు లోనుతో పెట్టే చిన్న ఆహార యూనిట్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, 10 లక్షల వరకు సబ్సిడీ. దాని గురించి గ్రూపులో మాట్లాడతానంది. గుజ్జు, తాండ్ర, తర్వాత తర్వాత బిస్కెట్లు. "అక్కా, నువ్వు కూడా కలువు" అంది గానీ నాకు కుదరదు, 1964 కాండక్ట్ రూల్స్ ప్రకారం గవర్నమెంటు ఉద్యోగి సొంత వ్యాపారం చెయ్యకూడదు. లెక్కలు రాసిస్తాను, లేబుల్ మీద ఏం రాయాలో చెప్తాను, సెలవుల్లో పాపని పంపిస్తాను, అది చాలు ఆ అమ్మాయికి.

నాకంటూ ఒక కోరిక ఉంది, ఇన్నాళ్లూ మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మాకు రిటైర్మెంట్ 62 ఏళ్లకి, ఇంకా చాలా ఉంది. ఆ తర్వాత ఉలవపాడులో అమ్మ ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఒక పెద్ద గది వెయ్యాలి, గాలి వచ్చేట్టు ఎత్తుగా, రెండు పెద్ద ఓవెన్లు, పొడుగాటి గ్రానైట్ బల్ల, ఒక మూల బ్లాక్ బోర్డు. పదో తరగతి అయ్యాక చదువు ఆపేసిన ఆడపిల్లల కోసం. ప్రతి ఏడాదీ నా క్లాసులో ఇద్దరో ముగ్గురో ఉంటారు, మంచిగా చదివే పిల్లలే, ఇంటర్ దూరమనో ఇంట్లో కుదరకో ఆగిపోతారు, రెండేళ్లకి పెళ్లి కార్డు తీసుకుని వచ్చి "మేడం తప్పకుండా రావాలి" అంటారు. వెళ్తాను, అక్షింతలు వేసి వస్తాను, కానీ బస్సులో కూర్చున్నాక మనసు బాగుండదు. ఆ పిల్లలకి చేతిలో ఒక పని ఉండాలి, తూకం తెలియాలి, ఖర్చు, లాభం లెక్క వేసుకోవడం రావాలి, సొంత డబ్బు ఉండాలి. మధ్యలో ఓపెన్ స్కూల్ ఇంటర్‌కి కూడా కట్టించి ఆ బోర్డు మీదే పాఠం చెప్తాను. అప్పటికి మా పాప ఫుడ్ టెక్నాలజీ చదివి ఏదో ఒక చోట ఉద్యోగంలో ఉంటుంది, నెలకోసారి వచ్చి క్లాసు చెప్పమంటే చెప్పదా ఏంటి.

మా అత్తమ్మ అయితే దీనికి దారి వేరే చెప్పింది, రొట్టెల పండగకి పోదాం అని. నెల్లూరు బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మొహర్రం నెలలో జరుగుతుంది, కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో దిగి రొట్టె అందుకుంటారు, తీరినవాళ్లు తర్వాత ఏడాది రొట్టె చేసుకొచ్చి ఇంకొకళ్లకి ఇస్తారు, హిందువులూ ముస్లింలూ అని తేడా లేదు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె, ఒక్కో కోరికకీ ఒక్కో రొట్టె. నేను డీఎస్సీ రాసేటప్పుడు ఉద్యోగం రొట్టె పట్టుకున్నాను, వచ్చాక రొట్టె చేసుకుని పోయి నాలాగే వచ్చిన ఒక అమ్మాయి చేతిలో పెట్టాను, ఆ అమ్మాయికీ వచ్చి ఉంటుందని నమ్ముతాను. ఈసారి పాపకి చదువు రొట్టె, మరదలికి వ్యాపారం రొట్టె. నాకు ఇల్లు రొట్టె పట్టుకోమంటుంది అత్తమ్మ, ఆ గది కూడా ఇల్లే కదా అని.

పాప కావలిలోనే బైపీసీలో చేరింది, పుస్తకాలు కూడా కొన్నాం. నాకు జూన్ 12 నుంచి స్కూలు. రెండో పాఠం మొదలుపెట్టే రోజు ఓవెన్ స్కూల్‌కి తీసుకెళ్లి, ఒట్టి సోడా కేకూ, నిమ్మరసం పోసిన కేకూ పిల్లల ముందే కాల్చి తినిపించాలని హెడ్‌మాస్టర్ గారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన సంతోషంగానే ఒప్పుకున్నారు, ల్యాబ్‌లో ప్లగ్ తట్టుకుంటుందా అమ్మా అని మాత్రం అడిగారు. ఆ లెక్క మా పదో తరగతి పుస్తకంలోనే ఉంది, 5 ఆంపియర్ల సర్క్యూట్‌లో 2 కిలోవాట్ల ఓవెన్ పెడితే ఏమవుతుంది అని. మాది 1500 వాట్లు, 220 వోల్టులకి దగ్గర దగ్గర 7 ఆంపియర్లు తీసుకుంటుంది, మామూలు ప్లగ్ చాలదు. ల్యాబ్‌లో 15 ఆంపియర్ల సాకెట్ వేయించడానికి స్కూళ్లు తెరిచేలోపే ఎలక్ట్రీషియన్‌ని పంపిస్తానన్నారు, వైరు మందంది తెమ్మని నేను చెప్పాను.